రిమాండు రిజిస్టరు వెనక

మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కు బల్ల మీద క్యాలెండరు లేకపోతే పని నడవదు. సాక్షుల వాయిదాల సంగతి తర్వాత. పొద్దున్నే ముందుగా చూసుకోవాల్సింది రిమాండు తేదీలు. ఎవరిని ఏ రోజు హాజరుపరిచారు, ఏ తేదీ దాకా జైలుకు పంపారు, ఆ తేదీ సెలవు రోజు మీద పడుతోందా, ఛార్జిషీటు పడటానికి ఇంకా ఎంత గడువుంది, ఇవన్నీ చూసి అయ్యగారు బెంచి ఎక్కకముందే కట్టలు వేరుచేసి పెట్టాలి. సర్వీసంతా ఆ లెక్కలే వేశాను. రిటైరయ్యాక తీరిక దొరికింది గనుక, ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చదువుతూ వచ్చాను. 24 గంటలు, 15 రోజులు, 60, 90. సెక్షన్లలో చూస్తే అవి వట్టి అంకెలు. పాత నివేదికలు తిరగేస్తే ఒక్కోదాని వెనక దెబ్బలు తిన్న మనుషులు కనిపిస్తారు.

ముందు అసలు విషయం చెప్పాలి. కోర్టు వరండాలో కూర్చున్నవాళ్లకు ఇది ఎన్నిసార్లు చెప్పానో. ఒక ముసలామె చీర కొంగులో బన్ను రొట్టె మూటగట్టుకుని వచ్చి అడిగింది: “బాబూ, మావోడికి ఎన్నాళ్లు పడింది?”

“పడలేదమ్మా. ఇది శిక్ష కాదు. ఇంకా కేసే నడవలేదు.”

“నడవకపోతే మరి జైలుకెందుకు తీసుకుపోతున్నారయ్యా?”

న్యాయమైన ప్రశ్న. అరెస్టు చేసిన మనిషిని పోలీసులు తమ దగ్గర 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. దారి ప్రయాణానికి పట్టిన సమయం మాత్రం ఇందులో లెక్కలోకి రాదు. ఆ లోపు దర్యాప్తు తేలకపోతే మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. మేజిస్ట్రేటు కాగితాలు చదివి, మనిషిని చూసి, వదిలిపెట్టమనొచ్చు, జామీను మీద పంపొచ్చు, లేదా కస్టడీలో ఉంచమనొచ్చు. ఆ ఉంచమనే ఉత్తర్వే రిమాండు. జైల్లో ఉంచితే జ్యుడీషియల్ కస్టడీ. ప్రశ్నించడానికి స్టేషనుకు అప్పగిస్తే పోలీసు కస్టడీ. ఒక్క ఉత్తర్వుతో 15 రోజులకు మించి పంపడానికి వీల్లేదు గనుక, హాజరుపరిచిన రోజును కూడా కలుపుకుని మా కోర్టుల్లో 14 వేయడం అలవాటు. మర్నాడు పేపర్లో “14 రోజుల రిమాండ్ విధించారు” అని జరిమానా విధించినట్టే వస్తుంది. ఆ ముసలామె పొరపడిందంటే ఆమె తప్పేముంది?

ఈ 24 గంటల నియమం ఇంగ్లండు నుంచి ఓడలో దిగిందని మా కాలంలో అందరం అనుకునేవాళ్లం. కొంతవరకు నిజమే. అక్కడ 1848 నాటి చట్టంలో మేజిస్ట్రేట్లు ఒక్కసారికి ఎనిమిది నిండు రోజులకు మించి రిమాండు చేయకూడదని ఉంది. అయితే మన దేశంలో పోలీసు కస్టడీని చట్టం అనుమానంగా చూడటానికి బలమైన కారణం మన నేల మీదే ఉంది. అది మద్రాసు ప్రెసిడెన్సీ. అంటే మన గుంటూరు, మచిలీపట్నం, రాజమండ్రి, నెల్లూరు, కడప, బళ్లారి జిల్లాలు కూడా.

1816లో మన్రో దొర సంస్కరణలతో పోలీసు అధికారం జిల్లా జడ్జీల చేతిలోంచి కలెక్టర్ల చేతికి వచ్చింది. తాలూకాలో శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు పెద్ద కూడా. రైతు శిస్తు కట్టకపోయినా, ఊళ్లో దొంగతనం జరిగినా పట్టుకుపోయేది అదే కచేరీకి, అడిగేది అదే బంట్రోతులు. ఈ సంగతి 1854లో బ్రిటిష్ పార్లమెంటులో చర్చకు వచ్చింది. మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో ఒక కమిషన్ వేసింది. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు. 1855లో వాళ్లు ఇచ్చిన నివేదికను చరిత్రలో మద్రాసు టార్చర్ కమిషన్ రిపోర్టు అంటారు. కమిషన్‌కు 1,959 ఫిర్యాదులు అందాయి. అందులో 519 మంది స్వయంగా మద్రాసు వెళ్లి చెప్పుకున్నారు. అప్పటికి మన జిల్లాల్లో రైలు లేదు. ఆ దారి తొక్కి, తెల్లదొరల ముందు నిలబడి, “నన్ను ఇలా చేశారు” అని చూపించిన వాళ్లవి ఎంత గట్టి గుండెలో.

ఆ నివేదికలో హింసల జాబితా ఉంది. కిట్టి అంటే రెండు కర్రల మధ్య చేతిని, వేళ్లను పెట్టి నొక్కడం. ఇంకొకటి, మనిషిని నడుము దగ్గర వంచి, తలను కాళ్లకు దగ్గరగా తాడుతో కట్టి అలాగే ఎండలో వదిలేయడం. కళ్లలో మిరపకాయ పొడి. చాలావరకు ఇవి శిస్తు కోసమే. కానీ నేరం ఒప్పించడానికీ ఇవే వాడేవారని కమిషన్ తేల్చింది. వసూలు, పోలీసు ఒకే చేతిలో ఉండటం దీనికి పెద్ద కారణమని కూడా గట్టిగానే చెప్పింది.

దాని తర్వాతే మార్పులు వచ్చాయి. 1859లో మద్రాసు పోలీసు చట్టంతో పోలీసును తహసీల్దారు నుంచి విడదీసి వేరే శాఖ చేశారు. విలియం రాబిన్సన్ దానికి మొదటి అధిపతి. 1861లో దేశం మొత్తానికి నేర విచారణ చట్టం వచ్చింది. పోలీసుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్నది అందులోనే ఉంది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా 24 గంటలకు మించి పోలీసు కస్టడీలో ఉంచరాదన్నదీ అందులోనే ఉంది. ఈ రెండూ జంటగా పుట్టాయి. స్టేషనులో ఒప్పుకున్నది చెల్లదు, స్టేషనులో ఎక్కువసేపు ఉంచకూడదు. ఒప్పుకోలు ఎలా రాబడతారో అప్పటికే అచ్చులో ఉంది మరి.

చట్టంలో రాసుకున్నా ఒక లోటు మిగిలింది. 24 గంటల్లో హాజరుపరచాల్సింది ఎవరి ఎదుట? మా పెద్దలు చెప్పేవారు: తాలూకా కచేరీకి ఒకటే గేటు, ఆ ఆవరణలోనే ఖజానా, ఆ ఆవరణలోనే సబ్ మేజిస్ట్రేటు కోర్టు, ఆ వెనకే సబ్ జైలు. సబ్ మేజిస్ట్రేటు రెవెన్యూ ఉద్యోగి. ఆయన పై అధికారి కలెక్టరు. ఆ కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసుల మీద అజమాయిషీ కూడా ఆయనదే. ఉద్యమాల రోజుల్లో కలెక్టరుకు ఇష్టం లేని మనిషిని జామీను మీద వదిలే ధైర్యం ఆ సబ్ మేజిస్ట్రేటుకు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాంగ్రెసు వాళ్లు దశాబ్దాలపాటు న్యాయశాఖను వేరుచేయమని అడిగింది ఇందుకే. ఈ విషయంలో నిజాం హైదరాబాదు ముందుంది. 1921లోనే ఫర్మానాతో మేజిస్ట్రేటు అధికారాన్ని రెవెన్యూ నుంచి విడదీశారు. మన ఆంధ్ర జిల్లాల్లో అది 1940ల చివర్లో గానీ మొదలుకాలేదు.

1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఒక కొత్త అధికరణం ప్రవేశపెట్టారు. అప్పుడు దాని నంబరు 15ఎ, ఇప్పుడు 22. అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును పెట్టుకోనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు ఉంచాలి. నేర విచారణ చట్టంలో అప్పటికే ఉన్నదాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించడం వల్ల ఏ శాసనసభా దాన్ని తేలిగ్గా తీసేయలేకుండా పోయింది. ముందస్తు నిర్బంధ చట్టాలకు ఈ రక్షణ వర్తించకపోవడం మాత్రం ఆ అధికరణంలోనే ఉన్న పెద్ద లోపం అని నా అభిప్రాయం.

ఇక 15 రోజుల సంగతి. 1898 నాటి కోడులో 167వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు కోసం కస్టడీ మొత్తం కలిపి 15 రోజులే. 15 రోజుల్లో హత్య కేసు దర్యాప్తు తేలడం కష్టం. అందుకని పోలీసులు ఒక దారి కనిపెట్టారు. అరకొర కాగితాలతో “ప్రిలిమినరీ ఛార్జిషీటు” పడేసేవారు. అది పడితే కేసు కోర్టు ఫైలు మీదికి వచ్చినట్టే. ఇక 344వ సెక్షన్ కింద వాయిదా వాయిదాకూ 15 రోజుల చొప్పున రిమాండు పొడిగించుకుంటూ పోవచ్చు. దానికి అడ్డూ ఆపూ లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు గారు పాత రిజిస్టర్లు చూపించి, “చూడవయ్యా, ఈ గడిలో పొడిగింపులు పట్టక పక్క కాగితం అంటించారు” అన్నారు. నిజంగానే జిగురుతో అంటించిన చీటీలు వేలాడుతున్నాయి. ఒక్కో చీటీ మీద అవే సంతకాలు, అదే రబ్బరు ముద్ర. ఎందుకు పొడిగించారో ఒక్క వాక్యమైనా లేదు.

లా కమిషన్ ఈ పద్ధతిని తప్పుపట్టింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడులో గడువు పెట్టారు. 60 రోజుల్లో దర్యాప్తు ముగియకపోతే, జామీను ఇవ్వడానికి సిద్ధపడ్డ ముద్దాయిని బెయిలు మీద వదలాల్సిందే. 1978 డిసెంబరు సవరణతో మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లకు తగ్గని శిక్ష పడే నేరాలకు దాన్ని 90 చేశారు. మిగతావాటికి 60 అలాగే ఉంచారు. దీన్ని డిఫాల్ట్ బెయిలు అంటారు. నేరం చేశాడా లేదా అన్న చర్చ ఇందులో లేదు. గడువులోగా ప్రభుత్వం తన పని తాను చేయలేదు, అంతే.

90వ రోజు సాయంత్రం కోర్టు ఆఫీసు ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఐదు దాటుతుండగా కోర్టు కానిస్టేబులు సైకిలు గోడకు చేరేసి, చెమటలు కక్కుతూ ఛార్జిషీటు కట్ట తెచ్చి బల్ల మీద పెడతాడు. ఫోరెన్సిక్ రిపోర్టు రాలేదు, “తర్వాత దాఖలు చేస్తాం” అని పై కాగితం మీద ఉంటుంది. నేను టైము వేసి సీలు కొట్టాలి. అటు పక్క గుమ్మంలో ముద్దాయి తరపు జూనియరు బెయిలు పిటిషను పట్టుకుని మర్నాటి కోసం చూస్తుంటాడు. ఛార్జిషీటు ముందు పడితే ఆ హక్కు పోయినట్టే. గడువు దాటాక పిటిషను ముందు పడితే హక్కు నిలుస్తుంది. అందుకే ఆ సీలు మీద తేదీ, టైము ఎప్పుడూ నేనే వేసేవాణ్ణి, ఇంకొకరి చేతికి ఇచ్చేవాణ్ణి కాదు.

ఆ 90 ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? దీనిమీద దేశమంతటికీ చెల్లే తీర్పు మన ప్రాంతం నుంచే వచ్చింది. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద జరిగిన దాడి, హత్యలు తెలుగునాట ఎవరూ మరచిపోయేవి కావు. ఆ కేసులో నిందితులు గడువు దాటిందంటూ బెయిలు అడిగారు. అరెస్టు చేసిన నాటి నుంచి లెక్కించాలని వాళ్ల వాదన. 1986లో సుప్రీంకోర్టు, కాదు, మేజిస్ట్రేటు రిమాండు చేసిన తేదీ నుంచి లెక్కించాలని తేల్చింది. ఈ తీర్పు చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. సైకిలు దొంగతనం కేసులో నెలల తరబడి మగ్గే కుర్రాడికి ఊరటనిచ్చే నియమమే, ఊరి మీద పడి చంపినవాళ్లు కూడా వాడుకోబోయారు. అలాగని నియమం చెడ్డదనలేను. గడువు అందరికీ ఒకటే అయినప్పుడే బీదవాడికీ దక్కుతుంది. బాధితులకు జరిగే అన్యాయానికి విరుగుడు పోలీసులు వేళకు ఛార్జిషీటు వేయడమే. రిమాండు మొదటి రోజును కూడా ఆ లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి మళ్లీ చెప్పింది. కరోనా లాక్‌డౌన్‌లో గడువులన్నీ పొడిగించినప్పుడు ఇది కూడా పొడిగించినట్టే అని పోలీసులు వాదిస్తే, 2020 జూన్‌లో మదురై దగ్గరి కేసొకదానిలో అదే కోర్టు ఒప్పుకోలేదు.

అయితే చట్టంలో హక్కు ఉంటే చాలదు, అడిగేవాడుండాలి. 1979లో బీహారు జైళ్ల సంగతి బయటపడింది. పోలీసు అధికారిగా పనిచేసిన రుస్తుంజీ పత్రికలో రాసిన వ్యాసాలు చదివి, కపిలా హింగోరాణీ అనే వకీలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్షకన్నా ఎక్కువకాలం విచారణ ఖైదీలుగానే ఉండిపోయినవాళ్లు ఆ జైళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి డిఫాల్ట్ బెయిలు అనేదొకటి ఉందనే తెలియదు. తెలిసినా జామీనుదారు దొరకడు. ఇప్పటికీ పరిస్థితి అంతగా మారలేదు. 2022 జైళ్ల లెక్కల ప్రకారం దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

ఇంకో రిమాండు కూడా ఉందని ఇక్కడ చెప్పి ముందుకుపోతాను. సివిలు దావాల్లో అప్పీలు కోర్టు కింది కోర్టు తీర్పు కొట్టేసి, మళ్లీ విచారించమని కేసును వెనక్కి పంపడాన్నీ రిమాండు అనే అంటారు. అక్కడ వెనక్కి వెళ్లేది కాగితం. నా మనసంతా మనుషులు వెళ్లే రిమాండు మీదే.

ఆ మనుషుల్ని చాలాసార్లు నేను చూసింది కోర్టు హాల్లో కాదు, మేజిస్ట్రేటు గారి ఇంటి వరండాలో. సెలవు రోజుల్లో, రాత్రి వేళల్లో హాజరుపరిచేది అక్కడే. అయ్యగారు కబురు పెడితే ముద్రలు పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఒక రాత్రి సంగతి ఇప్పటికీ బాగా గుర్తు. ఎస్సై రిమాండు రిపోర్టు, మధ్యవర్తుల రిపోర్టు, డాక్టరు సర్టిఫికెట్టు ఒకదాని మీద ఒకటి సర్ది టేబులు మీద పెట్టారు. అప్పుడున్న మేజిస్ట్రేటు గారు మొత్తం చదివి, “మీరంతా గేటు బయట నిలబడండి” అన్నారు. పోలీసులు వెళ్లేదాకా ఆగి, ఆ కుర్రాణ్ణి దగ్గరికి పిలిచారు.

“ఎప్పుడు పట్టుకొచ్చారు నిన్ను?”

వాడు గేటు వైపు చూశాడు. “సంత నాడు, సార్.”

సంత జరిగి మూడో రోజు అది. రిపోర్టులో అరెస్టు ఆ సాయంత్రం నాలుగింటికని ఉంది. అయ్యగారు చొక్కా విప్పించి, లైటు కిందికి రమ్మన్నారు. వీపు మీద కమిలిన గీతలున్నాయి. ఆయన ఏమీ అనలేదు. కలం తీసి కుర్రాడు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు, గవర్నమెంటు ఆసుపత్రికి మళ్లీ పరీక్షకు పంపమని రాశారు, పోలీసు కస్టడీ అడిగిన పిటిషను కొట్టేశారు. పావుగంట పని. అంతకు ముందు, ఆ తర్వాత, “పోలీసుల మీద ఫిర్యాదు లేదని చెప్పాడు” అనే వాక్యం ముందే టైపు చేసి ఉన్న కాగితాల మీద సంతకాలు పడటమూ చూశాను. ఆ కాగితం అలా వాడకూడదు. చట్టంలోని ప్రతి అంకె ఆ పావుగంట కోసమే ఉంది.

భాగల్పూరులో ఖైదీల కళ్లు పొడిచిన కేసులో, మేజిస్ట్రేట్లు మనుషుల్ని చూడకుండానే రిమాండు చేశారని సుప్రీంకోర్టు 1980లో నిలదీసింది. మొదటిసారి హాజరుపరిచిన నాడే ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని చెప్పింది కూడా ఆ కేసులోనే. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు, కారణాలు చూడకుండా యాంత్రికంగా రిమాండు చేసే మేజిస్ట్రేట్ల మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చన్నంత దూరం వెళ్లింది.

మన రాష్ట్రం చేసిన ఒక పని గురించి నాకు ఇప్పటికీ రెండు మనసులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో చట్టం సవరించి, ఖైదీని జైల్లోంచే వీడియో ద్వారా మేజిస్ట్రేటుకు చూపిస్తే చాలని పెట్టింది. దేశం మొత్తానికి ఆ సౌకర్యం వచ్చింది తర్వాత ఎనిమిదేళ్లకు. ఎస్కార్టు పోలీసులు దొరక్క వాయిదాలు తప్పిపోయే బాధ పోయింది, సంకెళ్లతో బస్సుల్లో తిప్పే అవమానం తగ్గింది. అది మేలే. కానీ తెరలో ముఖం కనిపిస్తుంది గానీ కుంటుతున్నాడో లేదో కనిపించదు. పక్కన ఎవరు నిలబడ్డారో అంతకన్నా కనిపించదు. మొదటిసారి, పోలీసు కస్టడీలో ఉన్నంతకాలం ప్రతిసారీ స్వయంగా హాజరుపరచి తీరాలని తర్వాత వచ్చిన చట్టాల్లో ఉంచడం మంచిదైంది.

2024 జులై 1 నుంచి పాత 167 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 187వ సెక్షన్ వచ్చింది. 1992లో సుప్రీంకోర్టు, పోలీసు కస్టడీ ఏదైనా మొదటి 15 రోజుల్లోనే అని తేల్చింది. ఆ తర్వాత ఎంత పెద్ద కేసైనా జ్యుడీషియల్ కస్టడీయే. కొత్త సెక్షన్ ఆ 15 రోజుల్ని ముక్కలుగా చేసి, 60 రోజుల కేసుల్లో మొదటి 40, 90 రోజుల కేసుల్లో మొదటి 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చంటోంది. మొత్తం 15 దాటదు, నిజమే. కానీ జైలుకు వెళ్లి నాలుగు వారాలైన మనిషిని మళ్లీ స్టేషనుకు పిలిపించవచ్చన్న భయం అతని మీద ఉంటూనే ఉంటుంది. అది అతన్ని, బెయిలు ఇవ్వాల్సిన మేజిస్ట్రేటునూ కూడా వెనక్కి లాగుతుంది. దర్యాప్తుకు ఇది అవసరమని చెప్పేవాళ్లున్నారు. 1855 నివేదిక చదివినవాణ్ణిగా నాకు మాత్రం ఈ మార్పు నచ్చలేదు.

ఇప్పుడు మేజిస్ట్రేటు కోర్టుల్లో రిమాండు అడ్వొకేట్లని న్యాయసేవల సంస్థ తరపున కూర్చుంటున్నారు. వకీలును పెట్టుకోలేనివాడి తరపున మొదటి రోజే లేచి మాట్లాడటం వాళ్ల పని. మా ఊరి కోర్టుకు అప్పుడప్పుడు వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను. మొన్న వెళ్లినప్పుడు ఆ సీట్లో ఒక చిన్న వయసు అమ్మాయి ఉంది. పోలీసులు రిపోర్టు అందించగానే ముద్దాయి దగ్గరికి వెళ్లి, “అన్నా, నిన్ను ఎప్పుడు పట్టుకున్నారు, ఎక్కడ పట్టుకున్నారు, ఇంట్లో ఎవరికైనా చెప్పారా?” అని అడిగి, రిపోర్టులో టైముతో పోల్చి చూసుకుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమని, నోటీసు ఇస్తే సరిపోయేదని అయ్యగారికి చెప్పింది. అయ్యగారు రిపోర్టు మళ్లీ మొదటి పేజీ నుంచి చదివారు. కాసేపటికి ఆ మనిషి సొంత పూచీకత్తు మీద వరండాలోకి నడిచి వచ్చాడు. రిమాండు రిజిస్టరులో అతని పేరు ఎక్కలేదు.